రెండో తాళంచెవి

దిగకూడదు. ఏమైనా సరే దిగకూడదు. వెళ్ళేముందు మా వారు కిటికీలోంచి తల లోపలికి పెట్టి చెప్పింది ఆ ఒక్క మాటే, నువ్వు మాత్రం దిగకు రత్నం, ఆడవాళ్ళు కూర్చుని ఉన్న బండి మీద వాళ్ళు చెయ్యి వెయ్యరు అని. చెప్పి, కారు తాళంచెవి కోటు జేబులో వేసుకుని, రిక్షా ఎక్కి నాంపల్లి వైపు వెళ్ళిపోయారు. ఈ కారు మాకు అమ్మిన బాలకిషన్‌ని వెంటబెట్టుకుని వస్తారట. బాలకిషన్ ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనకాలే, రానూ పోనూ ఎంతసేపు, రిక్షావాడు ఎంత ముసలివాడైనా ఈపాటికి రావాలి, రాలేదు. నేను ఆబిడ్స్ రోడ్డు మీద, పెద్ద పోస్టాఫీసు గోడ పక్కన, మా లేత నీలం అంబాసిడర్ వెనక సీట్లో, ఒళ్ళో రెండు పెద్ద గాజు సీసాలు పెట్టుకుని కూర్చున్నాను. సీసాలు పక్కన పెట్టుకోవచ్చు, సీటంతా ఖాళీయే. పెట్టబుద్ధి కావడం లేదు. ఒళ్ళో బరువుంటే లేవలేనని ఒక ధైర్యం.

వాళ్ళిద్దరూ కదల్లేదు. పేవ్‌మెంటు మీద, ఇరానీ హోటలు ముందు అలాగే నిలబడి ఉన్నారు. ఒకాయన పెద్దవాడు, పేరు వెంకటనర్సయ్యట, తెల్ల ధోవతి, నల్ల కోటు, చంకలో గొడుగు, చూస్తే పెళ్ళి సంబంధం మాట్లాడడానికి వచ్చినవాడనుకుంటారు ఎవరైనా. రెండోవాడు ఖాకీ చొక్కా డ్రైవరు. వాడు వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడే, అది మా కారు తాళంచెవి. మొదటిది మా వారి జేబులో ఉంది, రెండోది వాడి వేలికి ఉంది, నడుమ కారుంది, కారులో నేనున్నాను. నన్నొక్కదాన్నీ తీసేస్తే ఇంక అడ్డేం లేదు, వాడొచ్చి తలుపు తీసి, కూర్చుని, మా కారు మా కళ్ళ ముందే నడుపుకుని పోతాడు. తిప్పకురా నాయనా, కళ్ళు తిరుగుతున్నాయి. చెప్పాలని నోటిదాకా వచ్చింది, అద్దం దించాలంటే భయమేసి ఊరుకున్నాను.

అసలు సంగతి నాకు మా వారు చెప్పలేదు. ఇద్దరు మనుషులు ఎదురొచ్చి ఆపితే ఆయన దిగి, దూరంగా గోడ పక్కకి తీసుకెళ్ళి మాట్లాడి, తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమిటండీ అంటే చిన్న పొరపాటు అన్నారు. పెద్ద పొరపాటేమిటో నర్సయ్య చెప్పాడు, ఆయన వెళ్ళిపోయాక, కిటికీకి దూరంగానే నిలబడి, మర్యాదగా తల వంచుకుని. చిరాగ్ అలీ గల్లీలో ఒక ఫైనాన్సు కంపెనీ ఉందట. బాలకిషన్ ఈ కారుని వాళ్ళ దగ్గర కిస్తీల మీద తీసుకున్నాడట. ఆఖరి కిస్తీ కట్టేదాకా కారు కంపెనీదేనట, బాలకిషన్‌కి అమ్మే హక్కే లేదట, కిస్తీలు ఆగిపోయాయి గనక పట్టుకుపోవడానికి వచ్చారట. "మిమ్మల్ని దిగమని నేనంటలేనమ్మా," అన్నాడు. "దిగితె బండి తీస్కపోత. దిగకుంటె గీడ్నే నిలవడ్త. నా నౌకరి గంతే." గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే తిట్టడానికి కూడా వీలు లేకుండా పోయింది. మనిషి కాస్త దురుసుగా మాట్లాడి ఉంటే నాకు బలం వచ్చేది.

కంపెనీది అట. కంపెనీ సేటు వచ్చి వేయించాడా మా ఇంట్లో మినుములు? పొయ్యి ముందు నిలబడి మినుములు దోరగా వేయించి, తిరగలిలో విసిరి, నెయ్యి కాచి, వేడి మీదే ఉండలు కట్టింది ఈ చేతులు, అరచేతిలో జంతికల గొట్టం రాసుకుని రాసుకుని కాయ కాసింది ఇదిగో ఇక్కడ. రాష్ట్రం కలిసిన ఏడాది కర్నూలు నుంచి సెక్రటేరియట్‌తో పాటు మమ్మల్నీ మూటగట్టి తెచ్చి హైదరాబాదులో పడేశారు, చిక్కడపల్లిలో రెండు గదుల ఇల్లు, గుమాస్తా జీతం. మనవైపు వంట దొరక్క మొహం వాచిపోయిన ఆఫీసర్ల ఇళ్ళకి డబ్బాలు పంపించడం మొదలెట్టాను. పదేళ్ళు పంపించాను. సున్నుండల డబ్బుతో చీటీ కట్టాను, శ్రావణమాసంలో చీటీ పాట పాడి ఎత్తాను, ఎత్తిన సొమ్ము రూపాయి తగ్గకుండా ఆయన చేతిలో పోశాను. బాలకిషన్ ఆయన సెక్షన్‌లో పక్క కుర్చీ మనిషి, స్నేహం కొద్దీ చవగ్గా ఇస్తున్నాడని చెప్పారు. చవగ్గా ఎందుకిస్తున్నాడని నేను అడగలేదు. బేగంబజార్‌లో బెల్లం చవగ్గా ఇస్తానంటే గెలికి అడుగుభాగం చూసేదాన్ని, కారు చవగ్గా ఇస్తానంటే చూడలేదు.

కారు కావాలన్నది షికారుకి కాదు. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌లో నాకు స్టాలు ఇచ్చారు. పక్కింటి సౌభాగ్య, నేను కలిసి దరఖాస్తు పెడితే ఈ ఏడు తగిలింది. రోజూ సాయంత్రం చిక్కడపల్లి నుంచి పిండివంటలు, పొయ్యి, నూనె డబ్బా, ఇద్దరాడవాళ్ళు నాంపల్లి చేరాలి, రాత్రి తిరిగి రావాలి, రిక్షాల్లో అయ్యే పనా? అందుకని కారు. స్టాలు డబ్బు కట్టేశాం, రేకుల కొట్టుకి బోర్డు రాయిస్తున్నాం, ఇవాళ సీసాలు కొన్నాం, బల్ల మీద పరచడానికి పువ్వుల రెక్సిన్ కొన్నాం, అదిగో చుట్ట చుట్టి నా కాళ్ళ దగ్గరే ఉంది. ఈ కారు పోతే స్టాలు పోతుంది. స్టాలు పోతే పదేళ్ళ సున్నుండలు ఆబిడ్స్ రోడ్డు మీద పోసినట్టే. అందుకే దిగను. నన్ను దించాలంటే నలుగురు కావాలి, వాళ్ళిద్దరే ఉన్నారు.

ఎండ వాలి అద్దంలోంచి సూటిగా చెంప మీద పడుతోంది. డిసెంబరు ఎండే అయినా మూసిన కారులో ఉక్కపోస్తోంది, రెక్సిన్ వాసన, ఎదురుగా ఇరానీ హోటల్లోంచి చాయ్ వాసన, మధ్యాహ్నం నుంచి బాత్రూముకి వెళ్ళలేదన్న సంగతి ఇప్పుడే గుర్తు రావాలా. డబుల్‌డెక్కర్ బస్సు పక్కనుంచి పోతే కారంతా అదిరింది, నా గుండె కూడా. పైమేడలో కూర్చున్నవాళ్ళు నన్ను చూస్తున్నట్టే ఉంది. ఎవరో కారు అద్దం మీద తట్టారు, అయిపోయిందనుకున్నాను. తీరా చూస్తే లక్డీకాపూల్‌లో ఉండే ఇంజనీరుగారి భార్య, ప్రతి దీపావళికీ నా దగ్గర అరిసెలు తెప్పించుకునే మనిషి. అద్దం నాలుగు వేళ్ళు దించాను. ఏం శేషారత్నంగారూ, కారు కొన్నారటగా, ఎవరికోసమో కూర్చున్నట్టున్నారే అంది. ఆఁ, మావారు కొట్లోకి వెళ్ళారండీ అన్నాను, పళ్ళన్నీ కనపడేలా నవ్వాను. మంచి రంగు, మీ చీరకి సరిపోయింది అని వెళ్ళిపోయింది. నర్సయ్య ఆ మాటలన్నీ వింటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. అంత పెద్దమనిషి తరహా చూపించకపోతేనేం, నాకింకా సిగ్గుగా ఉంది.

ఇలా కూర్చోవడం నాకు కొత్త, చూడటం కొత్త కాదు. రేపల్లెలో మా ఇంటికి కోర్టు అమీను జప్తుకి వచ్చిన రోజు మా అమ్మ జానకమ్మ భోషాణం మీద ఎక్కి కూర్చుంది. నాన్న ఎవరో స్నేహితుడికి హామీ సంతకం పెట్టారు, స్నేహితుడు ఎగ్గొట్టాడు, అమీను ఇత్తడి బిందెలు, గంగాళం, పందిరి మంచం, అన్నీ వీధిలో పెట్టించాడు. అమ్మ మాత్రం భోషాణం మీద మఠం వేసుకుని కూర్చుంది, పెదవి కదపలేదు, ఏడవలేదు. అమీను గుమ్మంలో నిలబడి, అమ్మా తమరు లేవాలి అంటాడే గానీ లోపలికి రాడు. పరాయి ఆడమనిషిని చెయ్యి పట్టుకుని లేపుతాడా? పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. అమీను విసిగి వెళ్ళిపోయేవాడే, అతని బంట్రోతు బండి కూడా కట్టేశాడు. అప్పుడు నాన్న వచ్చారు. వచ్చి, లే జానకీ, నలుగురూ చూస్తున్నారు అన్నారు. ఆ మాటకి అమ్మ లేచింది. అమీనుకి లేవని మనిషి నాన్నకి లేచింది. భోషాణం వెళ్ళిపోయింది, అందులో మా నలుగురి బాలసారె బట్టల దగ్గర్నుంచీ అమ్మ దాచుకున్న ప్రతి వస్తువూ వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో మంచంలో ఉండి కూడా, నేను లేవకుండా ఉండాల్సిందే అనేది. ఏమిటే లేవకుండా అంటే గోడవైపు తిరిగేది.

అందుకే కాపురానికొచ్చిన కొత్తలోనే ఆయనతో చెప్పాను, ఉప్పూ గంజీ తాగుదాం, అప్పు మాత్రం మన గుమ్మం తొక్కకూడదు అని. ఆయన నవ్వి సరే అన్నారు. అప్పు లేకుండానే నెట్టుకొచ్చాం, పండక్కి బట్టలు లేని ఏడాది ఉంది గానీ కిరాణాకొట్టులో పద్దు ఉన్న నెల లేదు. ఆయనకి నా సంగతి పూర్తిగా తెలుసు. నాకేం గిట్టదో, దేనికి భయపడతానో, ఏ రోజు ఏం చెయ్యనో, అన్నీ తెలుసు.

ఏ రోజు ఏం చెయ్యనో. శ్రావణ శుక్రవారం పొద్దున్న కారు ఇంటికొచ్చింది. శుక్రవారం లక్ష్మి ఇంట్లోకి రావడం మంచిదని నేనే ఆ రోజు పెట్టించాను. బాలకిషన్ స్వయంగా నడుపుకుంటూ తెచ్చాడు, మా ఇంటికి అతను రావడం అదే మొదటిసారి. గుమ్మానికి మామిడాకులు, కారుకి పసుపు కుంకుమ, ముందు చక్రాల కింద నిమ్మకాయలు, హారతి, సౌభాగ్య పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీసింది. తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు బాలకిషన్. ఒక్కటే పెట్టాడు. రెండోది లేదా అని అడిగింది నేనే, ఎందుకంటే బీరువా కొన్నా రెండిస్తారు. అప్పుడు బాలకిషన్ అన్నాడు, "ఉన్నదమ్మా. మా అమ్మ పూజల పెట్టుకున్నది. శుక్రారం నాడు ఇంట్లకెంచి తాళంచెవి బయటికియ్యదు. సోమారం పంపిస్త," అని. నాకు ఎంత ముచ్చటేసిందో. ఇక్కడివాళ్ళకీ ఈ పట్టింపు ఉందన్నమాట, మన ఇంట్లోలాగే అనుకున్నాను. శుక్రవారం నేను చేబదులు కూడా ఇవ్వను, ఉప్పు ఇవ్వను, మజ్జిగకి తోడు ఇవ్వను. ఒకళ్ళ ఇంటి లక్ష్మిని శుక్రవారం పూట గుమ్మం దాటించమని నేనెలా అడుగుతాను? వద్దు వద్దు, పెద్దావిడని ఇబ్బంది పెట్టకండి, ఎప్పుడు పంపినా ఫరవాలేదు అన్నాను. పైగా ఆవిడకని అర్ధసేరు సున్నుండలు డబ్బాలో పెట్టి ఇచ్చాను. సోమవారం వచ్చింది, వెళ్ళింది. తాళం రాలేదు. మళ్ళీ అడిగితే పెద్దావిడని నమ్మనట్టుంటుందని ఊరుకున్నాను.

నర్సయ్య వస్తున్నాడు. చేతిలో గాజు గ్లాసు. తలుపు దగ్గరికి రాకుండా డిక్కీ అంచు మీద పెట్టి, నీళ్ళమ్మా, మంచినీళ్ళే, తాగండి, మీరు చెయ్యి బయట పెట్టినంత మాత్రాన బండి తీస్కపోను అన్నాడు. గొంతెండిపోయి ఉంది, అయినా తాగితే మళ్ళీ ఆ బాధ, వద్దన్నాను. అతను గ్లాసు తీసుకుని వెళ్ళబోతుంటే ఉండబట్టలేక అడిగాను, ఆ తాళంచెవి మీకెవరిచ్చారు, బాలకిషన్ వాళ్ళమ్మగారి దగ్గర ఉండాలే అని. అతను అర్థం కానట్టు చూశాడు. "కొత్త బండికి రెండు తాళాలొస్తయమ్మా," అన్నాడు. "ఒకటి కొన్నోనికి, ఒకటి మాకు. ఆఖరి కిస్తీ కట్టిన నాడు కొబ్బరికాయ గొట్టి రెండోదిస్తం. ఇది మొదటి సంది మా సేటు తిజోరిలనే ఉన్నది." ఆవిడ పూజలో లేదా అన్నాను. ఎవరామె అన్నాడు. బాలకిషన్ తల్లి అన్నాను. నర్సయ్య గ్లాసు చేతులు మార్చుకున్నాడు. "గామె పోయి శాన ఏండ్లాయెనమ్మా. మాది ఒకటే బస్తీ, దినాలకు నేనే పోయిన గద. మీ ఆఫీసోళ్ళు గూడ అందరొచ్చిన్రు."

మీ ఆఫీసోళ్ళు గూడ అందరొచ్చిన్రు. ఆఁ. వచ్చారు. వెళ్ళారు. ఒక చలికాలం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండా, రత్నం, నీళ్ళు పెట్టు, సెక్షన్‌లో వాళ్ళ తల్లి పోతే పలకరించి వస్తున్నాను అన్నారు. పెరట్లో పంపు దగ్గర పీట వేశాను, వేణ్ణీళ్ళు తోడాను, వీపు మీద నేనే పోశాను, తడిబట్టలు వేరే బకెట్‌లో వేశాను. ఎవరి తల్లి అని అడిగితే బాలకిషన్ వాళ్ళమ్మ అన్నారు. ఆ పేరు అప్పుడు నాకు ఉట్టి పేరు, చెవిన పడి జారిపోయింది. నాకు జారిపోయింది, ఆయనకెలా జారిపోతుంది? చచ్చిపోయిన తల్లి పూజగదిలో తాళంచెవి పెట్టుకుని కూర్చుందని బాలకిషన్ చెప్తుంటే, ఆ తల్లి చావుకి నీళ్ళు పోసుకున్న మనిషి నా పక్కనే నిలబడి ఏం చేశారు? గుర్తుంది. నిమ్మకాయలు సరిచేస్తున్నారు. వంగి, ముందు చక్రం కింద నిమ్మకాయ అటూ ఇటూ జరుపుతున్నారు. ఎంతసేపు జరిపారో అంతసేపూ తలెత్తలేదు.

శుక్రవారం మాట బాలకిషన్‌కి ఎలా తెలుసు? మా గడప అంతకుముందు తొక్కనివాడికి, నేను శుక్రవారం దేన్నీ అడగనని, అడిగినా ఆ మాట వింటే వెనక్కి తగ్గుతానని ఎవరు చెప్పారు? లోకంలో నా లోపలి తాళం ఎక్కడుందో తెలిసింది ఒక్కరికే. ఆడవాళ్ళున్న బండి వాళ్ళు ముట్టుకోరని ఇందాక ఎంత ధీమాగా చెప్పారు, ఫైళ్ళు తప్ప మరొకటి తెలియని మనిషికి కారు పట్టుకునేవాళ్ళ రివాజు ఎలా తెలిసింది? వద్దు. ఆలోచించొద్దు. రానీ, వచ్చాక అడుగుదాం. అనుకుంటూనే అద్దం మొత్తం దించేశాను. నర్సయ్య గారూ, ఒక్క మాట, మా వారిని మీరు ఇవాళేనా చూడటం అన్నాను. అతను గొడుగు కర్ర వంక చూసుకున్నాడు. "నన్నడగకున్రి అమ్మా," అన్నాడు. అడుగుతున్నాను కదా అన్నాను. "సారు రెండుసార్లు వచ్చిండు మా దిక్కు. బాలకిషన్ పేరు మీద కిస్తీలు కట్టిపోయిండు. దసరకు కట్టింది ఆఖరు. మల్ల రాలె." అని, నేనింకేం అడుగుతానో అని గబగబా హోటలు వైపు వెళ్ళిపోయాడు. డ్రైవరు తాళంచెవి తిప్పడం ఆపేశాడు. మా మాటలు వాడికీ వినపడ్డట్టున్నాయి.

అంతే అన్నమాట. చవక అందుకన్నమాట. బాలకిషన్‌కి కొంత, నాకు తెలియకుండా మిగతా కిస్తీలు తన జీతంలోంచి, అదీ ఒప్పందం. జీతం చాల్లేదు, లేకపోతే స్టాలు డబ్బు రాగానే కడదాంలే అనుకున్నారు, నా డబ్బుతోనే, నాకు చెప్పకుండానే. అప్పు గుమ్మం తొక్కకూడదంటే పాపం గుమ్మం తొక్కనివ్వలేదు, పసుపు కుంకుమ పూయించి, హారతి ఇప్పించి, చక్రాల మీద లోపలికి తెచ్చారు. నేనే దిష్టి తీయించాను. నేనే సున్నుండలు పంపాను, చచ్చిపోయిన ఆవిడకి. ఒళ్ళు మండిపోతోంది, ఈ సీసాలు రెండూ రోడ్డు మీద వేసి పగలగొట్టాలని ఉంది. దిగి నడుచుకుంటూ ఇంటికి పోవాలని ఉంది, పట్టుకుపోండి, ఆయన్ని కూడా పట్టుకుపోండి అని చెప్పి. అలా కోపం తెచ్చుకుంటుంటే నడుమ ఆ సైకిలు గుర్తుకొస్తుంది. డబ్బాలు ఇచ్చి రావడానికి వెళ్తూ వానలో లక్డీకాపూల్ దిగుడులో సైకిలు జారి పడ్డారు ఒకసారి, డబ్బా మూత ఊడి అరిసెలన్నీ బురదలో. ఇంటికొచ్చి, అన్నీ ఇచ్చేశాను రత్నం, బాగున్నాయన్నారు అని డబ్బు చేతిలో పెట్టారు. మణికట్టు దగ్గర చెక్కుకుపోయిందేమండీ అంటే గోడ తగిలిందన్నారు. ఆ డబ్బు ఆయన బూట్ల కోసం దాచుకున్నదని తర్వాతెప్పుడో సౌభాగ్య భర్త చెప్తే తెలిసింది. అప్పుడా అబద్ధానికి నేను మురిసిపోయాను. రెండు రోజులు వంటింట్లో నాలో నేనే నవ్వుకున్నాను. మాకు కారు కావాలని ఆయన ఆ రోజు బురదలో కూర్చునే అనుకుని ఉంటారు, నా కోసమే అనుకుని ఉంటారు, అది నాకు తెలుసు. జాలేస్తోంది. ఈ జాలే నాకు ఇంకా మంట. నా కోసం చేశారు కాబట్టి నన్ను అడగక్కర్లేదా? చెప్పి ఉంటే అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, ఒక పూట అన్నం మానేసేదాన్ని, ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఎలా కట్టాలో చూసుకునేవాళ్ళం.

రిక్షా వచ్చింది. ఆయనొక్కరే ఉన్నారు. దిగి, రిక్షావాడికి డబ్బులిచ్చి, నర్సయ్య వైపు చూడకుండా నా కిటికీ దగ్గరికొచ్చారు. చెమట పట్టి కోటు మెడ దగ్గర తడిసిపోయింది. వీధిలో దీపాలు వెలుగుతున్నాయి, ఇంట్లో ఉంటే ఈ వేళకి తులసి దగ్గర దీపం పెట్టి ఉండేదాన్ని, శుక్రవారం కదా. అవును. ఇవాళా శుక్రవారమే. బాలకిషన్ లేడట, ఊరెళ్ళాడట, ఇంటికి తాళం వేసి ఉందట. ఏదో చెప్తున్నారు, సోమవారం అతన్ని ఆఫీసులో పట్టుకుంటాను, ప్రస్తుతానికి బండి వీళ్ళకి ఇచ్చేద్దాం, గొడవెందుకు, మళ్ళీ తెచ్చుకోవచ్చు అంటున్నారు. కిటికీలోకి వంగి గొంతు తగ్గించారు.

"దిగు రత్నం. నలుగురూ చూస్తున్నారు."

అదే మాట. రేపల్లెలో విన్న మాటే, అక్షరం మారలేదు. మా అమ్మ భోషాణం మీదనుంచి కాలు కింద పెట్టడం, పట్టీ లేని ఆ మడమ, అన్నీ కళ్ళకి కట్టాయి. నేను సీసాలు ఒళ్ళోంచి తీసి జాగ్రత్తగా పక్కన సీటు మీద పెట్టాను. దిగుతున్నాననుకుని ఆయన తలుపు తీయబోయారు. నేను తలుపు లోపలినుంచి పట్టుకున్నాను.

"బాలకిషన్ వాళ్ళమ్మగారు కులాసాగా ఉన్నారా?" అన్నాను.

ఆయన చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. కళ్ళు చక్రం వైపు వెళ్ళాయి, కింద నిమ్మకాయ ఉందేమో అన్నట్టు. ఇంత కాపురంలో ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు, ఇంకెప్పుడూ చూడకూడదు కూడా. నర్సయ్య గారూ అని పిలిచాను, మీ డ్రైవర్ని ఎక్కమనండి, మీ తాళంతోనే తియ్యండి బండి, నన్ను దించకుండా మీ సేటు దగ్గరికి తీసుకెళ్ళండి అన్నాను. మిగిలిన కిస్తీలు నా పేరు మీద రాసుకోమంటాను, ఎగ్జిబిషన్ రోజుల్లో వారం వారం కడతాను, అందులో దాపరికం లేదు, నాకు చేతనైన పని చూపించే అడుగుతాను అన్నాను. నర్సయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. సేటు ఒప్పుకుంటడో లేదో నేను చెప్పలేనమ్మా అన్నాడు. ఒప్పుకోకపోతే అక్కడా కూర్చుంటాను, ఆడమనిషి కూర్చున్న బండిని మీరు ముట్టుకోరుగా అన్నాను. అతను తల పక్కకి తిప్పుకుని నవ్వాడు, డ్రైవర్ని చూసి గొడుగు ఊపాడు.

డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. నర్సయ్య ముందు సీట్లో గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని సర్దుకున్నాడు. మా వారు అప్పుడు కదిలారు, జేబులో వెతుక్కుని తాళంచెవి తీసి కిటికీలోంచి నా వైపు చాపారు. ఇదిగో, నేనే నడుపుతాను, లేదా నువ్వే ఉంచు, అన్నారో ఏదో. ఆ చేతి మీద సైకిలు మచ్చ కనపడింది. తీసుకోవాలనిపించింది, ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది కూడా.

"ఇవాళ శుక్రవారమండీ," అన్నాను. "తాళంచెవి ఇవ్వకూడదు."

డ్రైవరు రెండో తాళం పెట్టి తిప్పాడు. ఆయన తిప్పితే నాలుగుసార్లు దగ్గి గానీ అందుకోని బండి, ఒక్క తిప్పుకి అందుకుంది. పోస్టాఫీసు గోడ వెనక్కి జరిగింది, తాళంచెవి చాపిన చెయ్యి అలాగే పెట్టుకుని ఆయన వెనక్కి జరిగారు. వెనక అద్దంలోంచి చూడొద్దనుకున్నాను, చూశాను. ఏడుపు వచ్చింది. సీసాలు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే రెండింటికీ నడుమ చెయ్యి పెట్టి పట్టుకున్నాను. చిరాగ్ అలీ గల్లీ ఎంతో దూరం లేదు, అక్కడికి చేరేలోగా కళ్ళు తుడుచుకోవాలి, సేటుతో ఏం మాట్లాడాలో వరస పెట్టుకోవాలి. ఆఖరి కిస్తీ కట్టిన రోజు రెండో తాళం నా చేతికే ఇవ్వాలని ముందే చెప్పాలి. అది ఏ వారమైనా సరే.